మస్తానక్క కొట్టు మీద గది

మొన్న ఉదయం మా ఎదురింటావిడ జాకెట్టు లైనింగ్ గుడ్డను బకెట్లో నానబెట్టి, సరిగా పిండకుండానే తీగ మీద ఆరేసింది. కొత్త గుడ్డలోని గంజి నీళ్ళకు కరిగినప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం వార్చిన అన్నం వాసన, కొంచెం తడిసిన నోటుపుస్తకం వాసన. అది వీధి దాటి, రెండు స్కూటర్లను తప్పించుకుని, మా గేటు గడియ తీసుకుని, కాఫీ తాగుతున్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "అంత దూరం నుంచి వాసనెట్ట వస్తాది? మీ ముక్కు కూడా మీ నోరు లాంటిదే, అన్నీ పెంచుతాది" అంది మా ఆవిడ పద్మ. పదమూడేళ్ళ కిందట నా గది కింది టైలరు కొట్టులోంచి వచ్చే ఈ వాసన పీలుస్తూ, మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్న రోజుల భయం, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు లేచి వచ్చింది.

నా పని మనుషులతో మాట్లాడటం. ఇంకా సరిగా చెప్పాలంటే, వాళ్ళు మాట్లాడుతుంటే వినడం. నిద్ర పట్టనివాళ్ళు, నలుగురిలోకి వెళ్ళాలంటే చెమటలు పట్టేవాళ్ళు, కారణం తెలియకుండా ఏడుపు వచ్చేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. నేను మాత్రలు రాయను, సూదులు వేయను, డాక్టరును కూడా కాను. నెల్లూరు టౌన్లో సొంతంగా ఒక గది పెట్టుకుని ఈ పని చేస్తున్నాను. గోడ మీది సర్టిఫికెట్లు ఈ విద్యను నాకు ఫలానా ఫలానా చోట్ల నేర్పారని చెబుతాయి. వాటి మాట పూర్తిగా నమ్మకండి. సగానికి పైగా నేర్పింది, కింది కొట్టులో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టిన మస్తాన్‌బీ. ఊరంతా మస్తానక్క అనేవాళ్ళు. ఆమె పోయి రెండేళ్ళయింది.

కాలేజీలో సైకాలజీ పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి, బస్టాపుకు ఎదురుగా ఆమె మేడ మీది గదిని అద్దెకు తీసుకున్నాను. గదిలో కుర్చీలు వేయకముందే బోర్డు చేయించాను. 'మానసిక సమస్యల చికిత్సాలయం' అని ఎర్రటి అక్షరాలు. ఎంత పెద్ద బోర్డంటే, మైపాడు నుంచి వేటకు పోయిన పడవలు దాన్ని చూసి ఒడ్డు గుర్తుపట్టవచ్చు. కింద నా పేరు, పేరు వెనక గూడ్సు బండి పెట్టెల్లాగా డిగ్రీలు. మొదటి రెండు నెలల్లో ఆ బోర్డు చూసి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. జిరాక్స్ తీస్తారా అని ఇద్దరు అడిగారు. ఒకావిడ తప్పిపోయిన గేదె ఏ దిక్కుగా పోయిందో చెప్పమంది. ఒక రిటైర్డు కండక్టరు కుర్చీలో కాళ్ళు చాపుకుని "నా మనసులో ఏముండాదో చెప్పు చూస్తాం" అన్నాడు. ముప్పావు గంట ప్రయత్నించి, ఓడిపోయి, "టీ తాగుతారా" అన్నాను. అదే ఆయన మనసులో ఉన్నదట. మెచ్చుకుని, తాగి వెళ్ళిపోయాడు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నాకు నవ్వు రాలేదు. వీధిలోంచి నా గదికి మెట్లు పదహారు. రోజుకు ఒకసారైనా ఎవరివో అడుగులు ఏడో మెట్టు దాకా వచ్చి ఆగేవి. కాసేపు అక్కడే ఉండి, వెనక్కి దిగిపోయేవి. ఎవరో రావాలనుకుంటున్నారు, రాలేకపోతున్నారు. నా గుండె కూడా వాళ్ళతో పాటు ఏడు మెట్లెక్కి ఏడు మెట్లు దిగేది. ఇంటికి వెళితే పద్మ "ఎవరైనా వచ్చినారా" అని అడగడం మానేసింది. అడిగినన్నాళ్ళూ విసుక్కున్నాను, మానేశాక భయపడ్డాను.

ఒక మధ్యాహ్నం మస్తానక్క పైకి వచ్చింది. సన్నటి మనిషి, మెడలో టేపు, పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు. సూదులు నోట్లో పెట్టుకునే మాట్లాడేది, అన్నం కూడా అలాగే తింటుందేమోనని నాకు అనుమానం.

"సార్, ఒక మాట అడగతా, ఏమనుకోబాకండి."

"అడగక్కా."

"మీ కాడికి రావాలంటే పిచ్చన్నా ఉండాల, సిగ్గన్నా లేకుండా ఉండాల. పిచ్చోడు బోర్డు చదవడు. సిగ్గు లేనోడికి మీతో పనుండదు. ఇంకెవరొస్తారు?"

కాలేజీలో చదివిన లావుపాటి పుస్తకాలన్నీ మనసులో తిరగేశాను.

"బస్టాపులో అంతమంది నిలబడుండారు" అందామె, కిటికీలోంచి చూపిస్తూ. "బస్సొచ్చేదాకా వాళ్ళకేం పని? మీ మెట్లు చూసేదే. ఈ మెట్లెక్కి దిగినోళ్ళను ఊళ్ళో బతకనిస్తారా? ముందు ఆ బోర్డు దించండి సామీ."

ఆమె కొట్టులో, కొలతలు తీసుకునే తెర వెనక, పై గదిలోకి సన్నటి చెక్క మెట్లు ఉన్నాయి. వాటి మీద పాత మిషన్లు, గుడ్డ పీలికల మూటలు పడి ఉండేవి. మూడు రోజుల్లో అన్నీ తీసి తుడిపించింది. వచ్చేవాళ్ళు ఒక జాకెట్టు ముక్క చేతిలో పట్టుకుని రావాలి, తెర వెనక్కి వెళ్ళాలి, పైకెక్కాలి. అదీ ఏర్పాటు. "టైలరు కొట్టుకొచ్చినోళ్ళను ఎందుకొచ్చినావని ఎవురూ అడగరు. గంటసేపు ఎందుకు కూసున్నావనీ అడగరు, నా సంగతి అందరికీ తెలుసు" అంది. నిజమే. ఇచ్చిన గడువుకు ఆమె జాకెట్టు కుట్టి ఇచ్చిన రోజు నెల్లూరు చరిత్రలో లేదు. పండక్కి ఇచ్చిన గుడ్డ పై పండక్కి వచ్చేది. కానీ ఒక షరతు పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ నిజంగానే కుడుతుంది. "కుట్టించుకునేదానికి వచ్చినారని రేపు నేను చెప్పాల గదా. అబద్ధం చెప్తే నా మొహంలో కనబడతాది."

బోర్డు దించి, తిరగేసి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద పరుచుకుంది. అంత వెడల్పు బల్ల జిల్లాలో ఏ టైలరుకూ లేదు. ఇక జనం రావడం మొదలుపెట్టారు. జిల్లాలో దిగులు తగ్గిందో లేదో చెప్పలేను గానీ జాకెట్లు మాత్రం విపరీతంగా పెరిగాయి. చిల్లకూరు నుంచి వచ్చే ఒక టీచరమ్మకు బస్సెక్కాలంటే ఉన్న భయం పోయేటప్పటికి పదకొండు జాకెట్లు తయారయ్యాయి. మగవాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళవి పట్టుకొచ్చేవాళ్ళు.

కొన్ని వారాలు చూసి మస్తానక్క ఇంకో మాట అంది. "సార్, పైనుంచి మీ గొంతొకటే వినబడతా ఉండాది. వచ్చినోళ్ళ గొంతు వినబళ్ళా."

"నెమ్మదిగా మాట్లాడతారక్కా."

"మీరు మాట్లాడనిస్తే గదా." టేపును వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "టేపు చూస్తానే ఆడోళ్ళు ఊపిరి బిగబడతారు. అప్పుడు కొలత తీస్తే ఆ జాకెట్టు పట్టదు. నేనేం జేస్తానంటే, టేపు మెళ్ళోనే ఉంచుకుని, మీ ఊళ్ళో వానలు పడినాయా అంటా. వాన గురించి చెప్తా చెప్తా ఊపిరి వదలతారు. అప్పుడు తీస్తా. మీరు మనిషి కూసోకముందే టేపు తీస్తుండారు."

ఆ మర్నాటి నుంచి నేనూ వానల గురించి అడగడం మొదలుపెట్టాను. ఆ ఏడు వానలే లేవు. అయినా అడిగాను. వానలు పడకపోవడం గురించి మనిషి పది నిమిషాలు మాట్లాడగలడని, పదకొండో నిమిషంలో తనంతట తనే అసలు సంగతికి వస్తాడని అప్పుడే తెలిసింది.

అలా కాస్త కుదురుకుంటున్న రోజుల్లో ఇందుకూరుపేట వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. రొయ్యల గుంటలున్నాయి. ఆయన మీసాలు ముందు వచ్చేవి, వెనకాల ఆయన వచ్చేవాడు. రొయ్యలకు రోగం తగిలి వరసగా రెండు పంటలు పోయాయి. గుంట గట్టు మీద నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోతున్నాడు. పిలిస్తే వినిపించదు. ఎంతసేపు నిలబడ్డాడో తనకే తెలియదు. భార్యకు చెప్పకుండా, చిలకపచ్చ జాకెట్టు ముక్క ఒకటి కొనుక్కుని మొదటిసారి కొట్టులోకి అడుగుపెట్టేసరికి లోపల అయిదారుగురు ఆడవాళ్ళున్నారు. అందులో ఒకావిడ మర్యాదకే అడిగింది.

"కొలత ఎవురికి అన్నా?"

ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. చెమట కారుతోంది. చివరికి నోరు తెరిచి, "నాకే" అన్నాడు.

మిషను చప్పుడు ఆగిపోయింది. అప్పుడే పైనుంచి దిగుతూ నేను తెర సందులోంచి అంతా చూశాను. ఇంకొక్క క్షణంలో ఆ ఆడవాళ్ళ నవ్వుకు కొట్టు పైకప్పు లేచిపోయేది. మస్తానక్క ముఖంలో ఏ మార్పూ లేదు. లేచి, "చేతులెత్తన్నా" అంది. ఆ కొండలాంటి మనిషి చుట్టూ టేపు తిప్పింది. "నలభై నాలుగు. ఇంటామెదీ ఇదే కొలత, మీ కొలత ఇచ్చిరమ్మని పంపిచ్చుంటాది. పోయినసారీ అట్నే గదా ఇచ్చినారు" అని పుస్తకంలో రాసుకుంది. ఆయన్ని గానీ ఆయన భార్యను గానీ అంతకుముందు ఆమె ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్ళ గొంతుల్లో నవ్వు గొంతుల్లోనే ఉండిపోయింది. ఆయన తెర వెనక్కి వచ్చి, మెట్ల మీద నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఏడు మంగళవారాలు వచ్చాడు. ఏడో వారం అన్నాడు, "నిన్న గట్టు మీద నిలబడితే కొంగలు కనబడినాయి సార్. అవి ఎప్పుడూ ఉండేవేనంట. నాకే ఇన్నాళ్ళు కనబళ్ళా." ఆ కొంగలు తిన్నగా నా గదిలోకి వచ్చి వాలినంత సంతోషపడ్డాను.

ఆ ఆదివారమే నేను ఆ పని చేశాను. ఒక స్నేహితుడి గృహప్రవేశం. భోజనాల బంతిలో కూర్చున్నాం. నా నోటికి ఆకులో వడ్డించినవి చాలలేదు. పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా, మీసాల మనిషి, చిలకపచ్చ గుడ్డ, 'నాకే' అన్న మాట, అంతా చెప్పాను. మీసాలను ఇంకొంచెం పెంచాను, నలభై నాలుగును యాభై నాలుగు చేశాను. మస్తానక్క ఆయన్ని కాపాడిన సంగతి మాత్రం చెప్పలేదు, అది చెబితే నవ్వు చల్లారిపోతుంది. బంతి బంతంతా నవ్వింది. ఒకాయన రసం ఒలకబోసుకున్నాడు. నాకు ఎదురుగా కూర్చున్న మనిషి ఒకడు నవ్వకుండా అడిగాడు. "ఆ మీసాలు ఇట్ట పైకి తిప్పుంటాయా?"

"ఇంకా పైకి" అన్నాను నేను.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆ ప్రశ్న మళ్ళీ వినిపించింది. నీళ్ళు పారుతూనే ఉన్నాయి. మంగళవారం ఆయన రాలేదు. ఫోను స్విచాఫ్. బుధ, గురు, శుక్ర అంతే. ఇంకో మంగళవారమూ రాలేదు. ఇందుకూరుపేట నుంచి వచ్చే ఇంకొకరు, అడగకుండానే, తమ వైపు ఒక రొయ్యల రైతును టీ కొట్టు దగ్గర 'జాకెట్టు కుట్టిచ్చుకున్నావంటనే' అని ఏడిపిస్తున్నారని చెప్పారు. ఆ తర్వాత వాళ్ళేం చెప్పారో నేను వినలేదు. నా కళ్ళ ముందు గుంట గట్టు ఉంది. గట్టు మీద మనిషి ఉన్నాడో లేడో తెలియడం లేదు. ఆయన ఇంటి ఫోను నంబరు నా దగ్గర లేదు, ఇంట్లో తెలియకూడదని ఆయన ఇవ్వలేదు. నేనే వెళితే, ఊరి అనుమానానికి నేనే సంతకం చేసినట్టవుతుంది.

కిందికి దిగి మస్తానక్కకు చెప్పాను. ఆమె నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. సూదులు లేని ఆమె నోరు చూడటం నాకదే మొదటిసారి.

"ఆయన పేరు చెప్పలేదక్కా."

"మీసాలు చెప్పినారు గదా."

ఆమె మూటల్లో వెతికి ఆ చిలకపచ్చ ముక్క తీసింది. అలవాటు ప్రకారం ఇంకా కుట్టలేదు. "ఆయన ఇంటామె ఎట్టుంటాది?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఎవరికైనా సరిపెట్టేలా లోపల నాలుగు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలి, కూర్చున్న చోటు నుంచి లేవకుండా కుట్టేసింది. కాగితంలో చుట్టి, చెప్పులేసుకుని, ఇందుకూరుపేట బస్సెక్కింది. "కొట్టు చూస్తా ఉండండి. ఎవురన్నా వస్తే రేపు రమ్మనండి" అంది.

ఆ మధ్యాహ్నం నేను పద్దెనిమిది మందిని రేపు రమ్మన్నాను. ఒకావిడ "నువ్వెవరు నాయనా, కొత్తగా చేరినావా" అని అడిగింది. అవునన్నాను. కత్తెర అటు జరిపాను, ఇటు జరిపాను. అవతల బస్టాపులో ఆగిన ప్రతి బస్సుకూ లేచి నిలబడ్డాను. ఆమె ఏ ముఖంతో దిగుతుందోనని ఒక భయం, అసలు దిగదేమోనని ఇంకొకటి. దీపాలు పెట్టే వేళకు దిగింది. రోడ్డు దాటి వచ్చి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది.

"ఉండాడు. వరండాలో కూసోనుండాడు."

నేను ఆమెకు కుర్చీ జరిపాను.

"జాకెట్టు ఎవురికమ్మా అని ఎదురింటోడొకడు పళ్ళికిలించినాడు. ఈ మహానుభావుడు తన కొలత ఇచ్చొస్తే నేనట్నే కుట్టుకొచ్చినా, ఇంటామె చూస్తే జానెడుండాది, ఇప్పుడు ఈ గుడ్డంతా నేనేం జేసేది అన్నా. ముందు ఆమె నవ్వింది. తర్వాత ఆయన నవ్వినాడు. ఇంక ఎదురింటోడికి నవ్వేదానికేం మిగల్లా." గ్లాసు బోర్లించి అంది. "వచ్చేటప్పుడు ఆయనతో ఒక్కడితో చెప్పినా. సార్ తప్పు చేసినాడు, మీకు చెప్పుకోవాలంట, మంగళవారం ఉంటాడని."

"నేనట్లా అనలేదు గదక్కా."

"మంగళవారం అనండి."

మంగళవారం ఆయన తెర వెనక నుంచి రాలేదు. చేతిలో ఏ గుడ్డా లేకుండా, బస్టాపులో జనమంతా చూస్తుండగా, వీధి వైపు మెట్లెక్కి వచ్చాడు. ఏడో మెట్టు దగ్గర ఆగలేదు. వారం రోజులుగా నేను కూడబెట్టుకున్న వాక్యాలన్నీ ఎటో పోయాయి. తప్పు చేశానని, క్షమించమని అన్నాను. ఆయన కిటికీలోంచి బస్టాపులోని జనం వైపు చూశాడు.

"ఊళ్ళో నవ్వుతారని భయపడతా వస్తా ఉంటి సార్. నవ్వేసినారు. ఇంక ఆ భయం పోయింది" అన్నాడు. "కానీ మీకు చెప్పేదానికి మాత్రం భయంగా ఉండాది."

తిరుపతిలో నాకు తెలిసిన, నాకంటే తక్కువ మాట్లాడే ఒక డాక్టరు పేరు రాసి ఇచ్చాను. ఆయన వెళ్ళాడు, అక్కడే కుదుటపడ్డాడు. నా దగ్గరికి మళ్ళీ రాలేదు. ఎప్పుడైనా బజారులో ఎదురైతే తల ఊపుతాడు. ఆగడు.

ఆ సాయంత్రమే గది ఖాళీ చేస్తానని చెప్పడానికి కిందికి దిగాను. కాలేజీలో అడిగితే మళ్ళీ తీసుకుంటారు, అక్కడ నేను ఏం వాగినా పిల్లలు నిద్రపోతుంటారు. మస్తానక్క ఎవరిదో పెళ్ళిపట్టు పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర పట్టుకుని ఉంది. కత్తిరించడం లేదు. కత్తెర గుడ్డ మీదికి వచ్చి ఆగుతోంది.

"ఏమక్కా, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాది. భయం."

"నలభై ఏళ్ళుగా కత్తిరిస్తున్నావు, ఇంకా భయమా?"

"పరాయి గుడ్డ సార్. కోసినాక మళ్ళా అతికిచ్చేదానికి నా కాడేముంది?" తలెత్తకుండానే అంది. "భయం లేనోళ్ళు శానామంది టైలర్లుండారు ఈ ఊళ్ళో. వాళ్ళ కాడికి నేను నా గుడ్డ ఇయ్యను. మీరు చెప్పకుండా ఉండలేరు, అది మీ పుట్టుక. చెప్తే వదులుగా చెప్పండి. లోపలుండేది ఆడో మగో, లావో సన్నమో తెలీకూడదు." అప్పుడు మొదటి కోత పడింది, పట్టు గుడ్డ కర్రుమంది. గది ఖాళీ చేసే మాట నేను ఎత్తలేదు.

కాబట్టి మీకొక సంగతి చెప్పాలి. పైన మీరు చదివిన రొయ్యల రైతుకు రొయ్యలు ఉండకపోవచ్చు. మీసాలూ ఉండకపోవచ్చు. చిలకపచ్చ గుడ్డ, ఇందుకూరుపేట బస్సు, 'నాకే' అన్న మాట కూడా నేను వదులుగా కుట్టినవే కావచ్చు. ఆయన ఈ పేజీ చదివినా పక్కింటివాడి కథేమో అనుకోవాలి. ఆయన చివరగా నాతో అన్న మాటకు మాత్రం నేనేమీ తొడగలేకపోయాను. అది ఉన్నది ఉన్నట్టే రాశాను.

ఇప్పుడు కింది కొట్టులో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఈ ఉదయం పదకొండింటికి ఒక కొత్త మనిషి వచ్చారు. ఎవరో, ఏ ఊరో చెప్పను. కుర్చీ అంచున కూర్చుని "ఏం చెప్పమంటారు సార్" అన్నారు. అడగవలసిన ప్రశ్న నాకు తెలుసు, ఎన్నో వందల మందిని అడిగిందే. అది నాలుక దాకా వచ్చి, మస్తానక్క కత్తెరలాగా ఆగింది.

"ఏమైంది సార్?" అన్నారు వాళ్ళే.

"ఏం లేదు. ఒక్క నిమిషం" అన్నాను.

ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూస్తూ ఆ నిమిషమంతా భయపడ్డాను. తర్వాత, మీ ఊళ్ళో వానలు పడ్డాయా అని అడిగాను.